మూడు గీతల లైటు స్విచ్చు

గోపాల్‌పేట,
6-1-2003

గద్వాలలో మోటారు బండ్ల కరెంటు పని చేసే కురుమూర్తికి, గోపాల్‌పేట రామచంద్రయ్య రాసేది ఏమంటే,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు క్షేమమో కాదో నాకు తెలియదు, మనకు ఇంతకు ముందు పరిచయం లేదు. మంచి పనివాడివని నలుగురూ చెప్పారు. నలుగురూ ఒకే మాట చెప్పేసరికి నాకు కొంచెం అనుమానం వచ్చింది గానీ, ఈ చుట్టుపక్కల పాత బండ్లు ముట్టుకునేవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఈ ఉత్తరం తెచ్చినవాడు మద్దిలేటి, మా ట్రాక్టరు డ్రైవరు. వాడు నడిపి తెచ్చింది మా నాయన చెన్నయ్య 1964లో కొన్న అంబాసిడర్. దాని లైట్ల స్విచ్చు పోయింది. పిడి ఒక మెట్టు లాగితే చిన్న లైట్లు, రెండో మెట్టు లాగితే పెద్ద లైట్లు రావాలి. వస్తున్నాయి, కానీ మసకగా వస్తున్నాయి. రోడ్డు మీద ఎవరో పిండి చల్లినట్టు కనిపిస్తోంది. కొత్త బల్బులు వేయించాను, కొత్త బ్యాటరీ పెట్టించాను, అద్దాలు నిమ్మచెక్కతో తోమించాను. ఇక మిగిలింది స్విచ్చే.

తొందర ఎందుకంటే, నా బామ్మర్ది నరేందర్ కోడేరులో కొత్త ఇల్లు కట్టాడు. ఫిబ్రవరి 13, గురువారం తెల్లవారుజామున 4 గంటల 40 నిమిషాలకు గృహప్రవేశం. వాడి కన్ను పదేళ్ళుగా నా కారు మీద ఉంది. మొన్న పదిమందిలో, "బావా, నీ బండికి చూపు ఆనుతలేదు. నాకియ్యి, నేను మంచిగ జేయించుకుంట" అన్నాడు. కోపం పట్టలేక పందెం కట్టాను. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, నీ దగ్గర కూడా ఒక రుజువు ఉండనీ: "చీకట్లో, తన లైట్ల వెలుగులో వచ్చి, ముహూర్తం లోపల రామచంద్రయ్య కారు నరేందర్ కొత్త గడప ముందు నిలబడాలి. నిలబడకపోతే కారు నరేందర్‌ది."

మా నాయన చేతుల్లో తిరిగిన బండి అది. దాన్ని వాడి వాకిట్లో చూస్తూ నేను బతకలేను. కాబట్టి పని సరిగ్గా చెయ్యి. తీసిన పాత స్విచ్చు నాకు తిరిగి రావాలి.

మా నాయన అందరినీ నమ్మేవాడు, అందుకే ఊళ్ళో సగం మంది ఆయన్ను మోసం చేశారు. నేను అలా కాదు. బండి పంపేముందు సామాన్ల మీద రహస్యంగా గుర్తులు గీసి పంపుతున్నాను. ఏం గుర్తో, ఎక్కడో చెప్పను.

ఇట్లు,
అనుమానంతో కాదు, జాగ్రత్తతో,
రామచంద్రయ్య

తా.క.: గుర్తులెక్కడున్నాయని మద్దిలేటిని అడగకు. వాడికి తెలియదు. వాడి భార్యది కోడేరు.

తా.క. 2: ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. మా ఊరి ఎస్టీడీ బూత్ వాడు నరేందర్‌కు దోస్తు. పైగా ఫోన్లో అన్న మాటకు రుజువుండదు.


గద్వాల,
10-1-2003

గౌరవనీయులైన రామచంద్రయ్య గారికి కురుమూర్తి నమస్కరించి రాసేది,

నేను క్షేమమే. మీకు ఆ సందేహం ఉంది కాబట్టి ముందుగా తెలియజేస్తున్నాను.

మీ కారు మద్దిలేటితో పంపుతున్నాను. నిజం చెప్పాలంటే స్విచ్చులో పెద్ద లోపమేమీ కనిపించలేదు. లోపలి రేకులు కొంచెం అరిగాయి, అంతే. లైట్లు మా షెడ్డు ఎదుటి గోడ మీద పోస్టరు చదివేంత బాగా పడ్డాయి. అయినా మార్చమని మీరు గట్టిగా రాశారు కాబట్టి మార్చాను. బ్యాటరీ వైరు విప్పి, పిడి కింది చిన్న పిన్ను మేకుతో నొక్కి పిడి లాగేశాను. ముందున్న చుట్టు బిళ్ళ తిప్పి, స్విచ్చును డ్యాష్‌బోర్డు వెనక నుంచి కిందికి దించాను. వైర్లు ఒక్కొక్కటే తీసి కొత్త దానికి అదే వరుసలో పెట్టాను. ఆ మోడల్‌ది కర్నూలులో దొరికింది, అందుకే నాలుగు రోజులు పట్టింది. పిడి మాత్రం మీదే ఉంచాను. మీ నాయన బొటనవేలు పడి అరిగిన గుంట దాని మీద ఉంది, అది పారేయడానికి నాకు మనసొప్పలేదు.

పాత స్విచ్చు గుడ్డలో చుట్టి పంపుతున్నాను.

ఇట్లు,
మీ విధేయుడు,
కురుమూర్తి

తా.క.: మీ ఉత్తరంలో వరుసకు నాలుగే మాటలున్నాయి, ఒక్కో అక్షరం గారెంత ఉంది. నాకు బాగానే వినిపిస్తుంది, అంత గట్టిగా రాయనక్కర్లేదు.


గోపాల్‌పేట,
16-1-2003

కురుమూర్తికి రామచంద్రయ్య రాసేది ఏమంటే,

క్షేమ సమాచారాలు తర్వాత. నువ్వు పంపిన పాత స్విచ్చును ఎండలో పెట్టి అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. దాని మీద నా గుర్తు లేదు. గుడ్డతో తుడిచి చూశాను, లేదు. అంటే ఇది నా స్విచ్చు కాదు. నాది ఎక్కడుంది? ఎవరి బండిలో వెలుగుతోంది?

రెండోది, లైట్లు ఇప్పటికీ మసకగానే ఉన్నాయి. ఎదుటి నుంచి లారీ వస్తే దాని లైట్ల చుట్టూ గుండ్రంగా రంగులు కనిపిస్తున్నాయి. నా బండి స్విచ్చు చెడితే లారీ లైట్లు కూడా చెడతాయా? ఏం కలిపావు అందులో?

మూడోది, నిన్న నరేందర్ వచ్చి కారు చుట్టూ తిరిగాడు. "లైట్లు మంచిగనే పడుతున్నయ్ గదా బావా, ఇంకేం పరేషాన్" అన్నాడు. పందెంలో ఎదుటివాడు నా లైట్లను మెచ్చుకుంటున్నాడంటే ఏమిటి అర్థం? నేను నమ్మి బయలుదేరాలి, సగం దారిలో అవి ఆరిపోవాలి. మీ ఇద్దరికీ ఎంతకాలం నుంచి పరిచయం?

ఇట్లు,
రామచంద్రయ్య

తా.క.: నా భార్య సుగుణ కూడా లైట్లు బాగున్నాయంటోంది. ఆమె నరేందర్‌కు సొంత అక్క అన్న సంగతి నీకు తెలిసే ఉంటుంది.


గద్వాల,
20-1-2003

రామచంద్రయ్య గారికి కురుమూర్తి నమస్కారాలు.

మీ బామ్మర్దిని నేను చూడలేదు. కోడేరు కూడా చూడలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఒకరి సామాను ఇంకొకరి బండికి వేశానని ఇంతవరకు ఎవరూ అనలేదు. మీ ఉత్తరం చదివి రెండు పూటలు అన్నం సహించలేదు.

మీ గుర్తు ఆ స్విచ్చు మీద ఉంది. మొదటి రోజే చూశాను, రహస్యమన్నారు కాబట్టి చెప్పలేదు. వెనక ఇత్తడి మీద మేకుతో గీసిన మూడు నిలువు గీతలు, నడిమిది కొంచెం పొడుగు. దాని కింద రెండు అంకెలు కూడా ఉన్నాయి, మసి పట్టి సరిగ్గా తెలియలేదు. ఇంకోసారి చూడండి. లేదా ఇంట్లో ఎవరికైనా చూపించండి.

నా మీద ఇంకా నమ్మకం కుదరకపోతే డ్యాష్‌బోర్డు కింద పడుకుని నా పని చూసుకోండి. దాచవలసింది ఏమీ లేదు.

ఇట్లు,
కురుమూర్తి

తా.క.: ఈసారి అక్షరాలు ఇంకా పెద్దవయ్యాయి. మూడు కాగితాల ఉత్తరాన్ని మా అమ్మ జములమ్మ దూరం నుంచి చూసి, "ఎవరన్న ఎలక్షన్ల నిలవడ్డరా బిడ్డా?" అని అడిగింది.


గోపాల్‌పేట,
25-1-2003

కురుమూర్తీ,

దొరికిపోయావు. మూడు గీతలు మా ఇంటి గుర్తు, నాగళ్ళ మీద, గంగాళాల మీద మా తాతల నాటి నుంచి ఉంది. అది నీకెలా తెలిసింది? నా స్విచ్చు దగ్గర పెట్టుకుని చూసి, వేరే దాని మీద దొంగ గుర్తు గీసి పంపావు కాబట్టి. కానీ ఒక తప్పు చేశావు. నేను గీసింది మూడు గీతలే. అంకెలు నేను గీయలేదు. ఎవరికైనా చూపించమంటావా? చూపిస్తే ఇక రహస్యమేముంది?

అదొక్కటే అయితే సహించేవాణ్ణి. నువ్వు చెప్పినట్టే డ్యాష్‌బోర్డు కింద పడుకుని చేయి పెట్టాను. వేళ్ళకు దారాలు తగిలాయి. ప్రతి వైరుకూ ఒక దారం, ప్రతి దారానికీ మూడేసి ముళ్ళు! సుగుణను పిలిచి రంగులు చెప్పమన్నాను. ఎరుపు, పసుపు, నలుపు, ఆకుపచ్చ అంది. నా బండికి చేతబడి చేయించడానికి నరేందర్ నీకు ఏం ఆశ చూపాడు?

మా ఊళ్ళో తాయెత్తులు కట్టే భీమన్నను పిలిపించాను. "ఇసొంటియి ఊర్ల విప్పొద్దు పటేలా, ఏటికాడ విప్పాలె" అన్నాడు. పట్టపగలే బండి తీసుకుని బీచుపల్లి పోయాం. ఆంజనేయస్వామికి మొక్కి, భీమన్న కళ్ళు మూసుకుని వైర్లన్నీ పీకి, ముళ్ళు కోసి, దారాలు కృష్ణలో వదిలి, వైర్లు మళ్ళీ పెట్టాడు. ఇప్పుడు లైట్ల పిడి లాగితే అద్దం తుడిచే వైపరు కదులుతోంది. రెండో మెట్టుకు హారన్ మోగుతోంది. నీ మందు ఎంత బలమైందో చూడు, విప్పినా పోలేదు.

పందేనికి ఇంకా పంతొమ్మిది రోజులే ఉన్నాయి. నా కారు పోతే ఆ పాపం నీది.

రామచంద్రయ్య

తా.క.: బీచుపల్లిలో నీకు మంచి బుద్ధి రావాలని కూడా ఒక కొబ్బరికాయ కొట్టాను. నీ చిప్ప నీకు పంపుదామనుకున్నాను, దారిలో మద్దిలేటి తినేశాడు. బుద్ధి వాడికి వచ్చినట్టు కూడా కనిపించడం లేదు.


గద్వాల,
29-1-2003

రామచంద్రయ్య గారికి,

మీరు కృష్ణలో కలిపింది మా అమ్మ మగ్గం మీద మిగిలిన సిల్కు పోగులు.

మాది నేత ఇల్లు. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరుస, అయిపోతే, కొత్త పడుగులో ఒక్కో పోగును పాత పడుగులో దాని జత పోగుతో కలిపి ముడివేస్తారు. ఒక్క పోగు పక్కకు పోయినా చీర అంచు చెడుతుంది. చిన్నప్పుడు నేను చేసింది ఆ పనే. అందుకని ఏ బండిలో స్విచ్చు తీసినా వైరుకు ఒక రంగు పోగు కడతాను. ఎరుపు బ్యాటరీ నుంచి వచ్చేది, పసుపు పెద్ద లైట్లది, ఆకుపచ్చ చిన్న లైట్లది, నలుపు డ్యాష్‌బోర్డు దీపానిది. రేపు ఇంకెవరు విప్పినా తికమక పడకూడదని అలాగే వదిలేస్తాను. మీ భీమన్న హారన్ వైరూ వైపరు వైరూ పట్టుకొచ్చి లైట్ల స్విచ్చుకు పెట్టాడు. అది మందు కాదు, కళ్ళు మూసుకుని చేసిన పని.

ఈ కవరులో మళ్ళీ నాలుగు రంగుల పోగులు పెట్టాను. ఏది దేనికో వేరే కాగితం మీద రాశాను. నేను చేస్తున్నప్పుడు మద్దిలేటి కళ్ళార్పకుండా చూశాడు కాబట్టి వాడికే ఇవ్వండి. ముందు బ్యాటరీ వైరు విప్పమనండి. నన్ను రమ్మంటే నేనే వస్తాను, కానీ నా చేయి పడితే మీకు నిద్ర పట్టదు.

ఇట్లు,
కురుమూర్తి

తా.క.: కింద ఒక మాట చిన్న అక్షరాల్లో రాస్తున్నాను. ఎవరినీ పిలవకుండా మీరే చదవండి.

అయ్యా, ఇది మీరు చదవగలిగితే తప్పు నాది, రేపే నా షెడ్డు బోర్డు దించేస్తాను. చదవలేకపోతే తప్పు స్విచ్చుది కాదు, మీ కళ్ళది. పొర వచ్చి ఉంటుంది. వనపర్తిలో కళ్ళ దవాఖాన ఉంది.


గోపాల్‌పేట,
3-2-2003

కురుమూర్తీ,

నీ కాగితం ప్రకారం మద్దిలేటి వైర్లు సర్దాడు. ఇప్పుడు హారన్ మోగడం లేదు. పోగులు కట్టనిచ్చాను గానీ, ఒక్కో ముడి వేసినప్పుడల్లా ఆంజనేయస్వామి పేరు తలుచుకున్నాను. లైట్లు మాత్రం మసకే.

ఇక అసలు సంగతికి వస్తాను. నీ ఉత్తరం చివర చీమలు పాకినట్టు ఏదో గీశావు. అక్షరాలైతే కాగితం మీద చోటుండగా అంత ఇరికించి ఎందుకు రాస్తావు? సంతకం పెట్టించుకునే కాగితాల్లో మోసపు మాటలు అలాగే రాస్తారు. సుగుణకు ఇచ్చి చదవమన్నాను. ఆమె చదివింది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఏం రాశాడని అడిగితే, "మీరే చదువాలంట, నన్ను చెప్పొద్దన్నడు" అని వంటింట్లోకి పోయింది.

నా ఇంటికి వచ్చిన ఉత్తరంలో, నా భార్యకు మాత్రమే అర్థమయ్యేటట్టు నువ్వు రాసిందేమిటి? ముప్పై రెండేళ్ళ సంసారంలో ఆమె నా ముందు అలా నవ్వలేదు. తిరుగు టపాలో జవాబు రావాలి.

రామచంద్రయ్య

తా.క.: ఉత్తరం అంటించబోతుంటే సుగుణ వచ్చి చదివి వినిపించింది. నా కళ్ళా? నీ స్విచ్చు తప్పు కప్పిపుచ్చుకోవడానికి నా కళ్ళ మీద పెడతావా? వనపర్తి దవాఖాన పేరు ఎత్తావంటే వాళ్ళకూ నీకూ ఏదో ఉంది. మొత్తం ఎంతమంది కలిశారు మీరు?


గద్వాల,
7-2-2003

రామచంద్రయ్య గారికి కురుమూర్తి నమస్కారాలు.

ఇక నేను వాదించను. ఇవి వెన్నెల రోజులు. సాయంత్రం వాకిట్లో నిలబడి చంద్రుణ్ణి చూడండి. ఆయన కూడా మసకగా, చుట్టూ రంగులతో కనిపిస్తే, ఆ స్విచ్చు మాత్రం నేను మార్చలేదని బీచుపల్లి స్వామి మీద ప్రమాణం చేస్తాను.

మీ ఉత్తరాలన్నీ వరుసగా పరిచి చూశాను. మొదటి దాంట్లో వరుసకు నాలుగు మాటలు, తర్వాత మూడు, మొన్నటి దాంట్లో రెండు. ఇన్నాళ్ళూ మీ కోపం పెరుగుతోందనుకుని బాధపడ్డాను. మన్నించండి. రాసింది మీకు కనిపించడం కోసం పెంచుతూ పోయారు.

ఇక పందెం సంగతి. రుజువుగా ఉంచమన్న మీ మొదటి ఉత్తరం నా దగ్గర భద్రంగా ఉంది. అందులో "రామచంద్రయ్య కారు" వచ్చి గడప ముందు నిలబడాలని ఉంది. రామచంద్రయ్య నడపాలని ఎక్కడా లేదు. ఆ కాగితం ఈ కవరులో తిరిగి పంపుతున్నాను. మద్దిలేటిని నడపనివ్వండి. మీరు పక్కన కూర్చుని వాణ్ణి అనుమానిస్తూ ఉండండి, దారి తొందరగా గడుస్తుంది.

అయ్యా, ఆ చూపుతో చీకట్లో మీరు మాత్రం నడపకండి. కారు పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు. ఇంట్లో అమ్మగారు ఉన్నారు.

ఇట్లు,
కురుమూర్తి

తా.క.: మద్దిలేటి భార్యది కోడేరే, నిజమే. దసరా పండక్కి కొత్త చీర కొనలేదని ఆమె వాడితో అప్పటి నుంచీ మాట్లాడటం లేదని, బండి తెచ్చినప్పుడు వాడే చెప్పాడు. నరేందర్ వైపు సమాచారం పోయే దారి లేదు.


గోపాల్‌పేట,
20-3-2003

చిరంజీవి కురుమూర్తికి రామచంద్రయ్య ఆశీర్వదించి రాసేది ఏమంటే,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు, మీ అమ్మగారు క్షేమమని నమ్ముతున్నాను. అవును, నమ్ముతున్నాను అనే రాశాను.

ఈ ఉత్తరంలో అక్షరాలు చూశావా? వరుసకు పది మాటలు. కుడి కంటికి ఆపరేషన్ అయింది.

ఆ రోజు నీ ఉత్తరం అందగానే వాకిట్లోకి వెళ్ళి చూశాను. ఆకాశంలో ముగ్గురు చంద్రుళ్ళున్నారు, ముగ్గురూ పిండిలో పొర్లినట్టున్నారు. లోపలికి వచ్చి పడుకున్నాను. భయమేసింది. పొద్దున్నే మద్దిలేటికి తాళం చెవి ఇచ్చాను.

పదమూడో తేదీన నాలుగుంబావుకు నా కారు నరేందర్ గడప ముందు నిలబడింది. వాడు బయటికొచ్చి, "నడిపింది నువ్వు గాదు గద బావా" అన్నాడు. నా కాగితం తీసి వాడి చేతిలో పెట్టాను. వచ్చినవాళ్ళంతా లాంతరు తెచ్చి చదివారు. సుగుణ వాడిని పక్కకు పిలిచి, "ఇగ చాలు తమ్మీ, నువ్వనుకున్నట్టే మీ బావ రాత్రిపూట బండి నడపలే" అంది. అప్పుడు తెలిసింది. నా చూపు సంగతి వాళ్ళిద్దరికీ ఏడాది నుంచీ తెలుసట. కళ్ళు చూపించుకోమంటే నేను వినను కాబట్టి, నన్ను రాత్రిళ్ళు బండి ఎక్కకుండా చేయడానికి కారు తన దగ్గర పెట్టుకుంటానని వాడు అడుగుతూ వచ్చాడట. అంటే ఇద్దరూ కలిసి కుట్ర పన్నారన్న నా అనుమానం నిజమే. నన్ను బతికించడానికి పన్నారు.

ఇక స్విచ్చు సంగతి. కట్టు విప్పాక మొదట చేసిన పని, నువ్వు పంపిన పాత స్విచ్చు ఎండలోకి తీసుకుపోవడం. నా గుర్తు దాని మీద లేదని జనవరిలో రాశాను. ఇప్పుడూ అదే చెబుతున్నాను, లేదు. మూడు గీతలున్నాయి, కానీ అవి పాతవి, నల్లబడి ఉన్నాయి. కింద అంకెలు స్పష్టంగా ఉన్నాయి: 64. అవి గీసింది మా నాయన.

నా గుర్తు ఏమైందని డ్యాష్‌బోర్డు కింద పడుకుని చూశాను. కొత్త మూడు గీతలు తళతళలాడుతూ వైపరు స్విచ్చు మీద ఉన్నాయి. కనిపించక పక్కదాని మీద గీశాను.

అందరినీ నమ్మేవాడని నేను ఇన్నాళ్ళూ చెప్పుకున్న మా నాయన, కారు కొన్న ఏడాదే మేకు పట్టుకుని అదే చోట నాలాగే పడుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆయన అనుమానం మేకుతో ఆగింది, నాది నీ వరకూ వచ్చింది. తప్పయింది, కురుమూర్తీ. ఆ రెండు పూటల అన్నం నేను బాకీ. వచ్చే ఆదివారం మద్దిలేటి బండి తెస్తాడు, వెనక సీట్లో నేనుంటాను, సుగుణ చేసిన జొన్నరొట్టెలూ కోడికూరా ఉంటాయి.

వచ్చాక కొత్త స్విచ్చు తీసి నువ్వు పెట్టుకో. నాకు పాతదే బిగించు. అందులో లోపం లేదని నువ్వు మొదటి రోజే రాశావు. వైర్లకు మీ అమ్మగారి పోగులే కట్టు, రంగులు ఈసారి నేనే చెబుతాను.

ఇట్లు,
మీ,
రామచంద్రయ్య

తా.క.: వనపర్తి దవాఖానలో నా కంట్లోంచి తీసిన పాత సామాను తిరిగి ఇవ్వాలని ముందే షరతు పెట్టాను. డాక్టరు నవ్వి చిన్న సీసాలో వేసి ఇచ్చాడు. అది నాదేనని ఏమిటి రుజువు? వచ్చే నెల ఎడమ కన్ను. లోపల ఒక గుర్తు పెట్టే ఉపాయం నీకేదైనా తోస్తే వెంటనే రాయి.